కొండ స్టేషన్‌లో కొత్త రేడియో

జీపు ఆఖరి మలుపు తిరిగేసరికి గేటు బార్లా తీసి ఉంది. కింద లేచిన దుమ్ము చూసి బావ ముందే వచ్చి తీసిపెట్టాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ దారికి అడ్డంగా నిలబడి, ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నట్టు బిగదీసుకుని సెల్యూట్ కొట్టాడు.

“ఏవోయ్ బావమరిదీ, అక్కగారింటికి ఎప్పుడొచ్చినా చేతులూపుకుంటూ వచ్చేవాడివి. ఈసారి ఇన్ని పెట్టెలా! అన్నీ మాకేనా?”

“మీకే బావా,” అన్నాడు మెకానిక్. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

డ్రైవరు నోరు ఊరుకోని మనిషి. స్టీరింగు వదలకుండానే అందుకున్నాడు. “మీకేనండీ, ఇంకెవరికి! ఇవి బిగించాక మీరిక కాలు మీద కాలేసుకుని కూర్చోవడమే!”

మెకానిక్ మోచేత్తో అతని డొక్కలో ఒక్కటి పొడిచాడు. డ్రైవరు నవ్వు మింగేసి గేరు మార్చాడు.

పట్నానికి తాగునీళ్ళు మోసుకెళ్ళే పెద్ద పైపులైను ఈ కొండ ఎక్కి అవతలకి దిగుతుంది. కొండ నెత్తిన ఒక ట్యాంకు, పైపుకో వాల్వు, ఇనప స్తంభం మీద యాంటెన్నా, దాని కింద రేడియో గది, ఆ పక్కనే రెండు గదుల క్వార్టరు. చుట్టూ ముళ్ళతీగ కంచె. ట్యాంకులో నీళ్ళు ఏ మట్టంలో ఉన్నాయో పాత రేడియో తనంతట తాను పట్నంలోని కంట్రోల్ రూముకి చెప్పాలి. కానీ దానికి వయసైపోయింది. వాన పడితే మూగబోతుంది, ఎండ ముదిరితే నత్తి కొడుతుంది, చెడిపోయిన ముక్క మారుద్దామంటే ఎక్కడా దొరకదు. అందుకని గంట గంటకీ బావ ట్యాంకు దగ్గరికెళ్ళి, కొలబద్ద చూసొచ్చి, ఆ రేడియోకే వేలాడే హ్యాండ్‌సెట్ తీసి నోటితో చెబుతాడు, గరగరలోనైనా మనిషి మాట ఎలాగో అందుతుంది. వాళ్ళు తిప్పమంటే వాల్వు తిప్పుతాడు, ఆపమంటే ఆపుతాడు. రాత్రిళ్ళు అలారం పెట్టుకుని లేస్తాడు. అతను పడుకుంటే అక్క లేస్తుంది. అదీ ఉద్యోగం. మేనేజరు కాళ్ళావేళ్ళా పడి ఆ ఉద్యోగం ఇప్పించింది మెకానికే.

బయల్దేరే ముందు ఆ మేనేజరే అతన్ని మెట్ల దగ్గర ఆపాడు. “పని పూర్తయ్యేదాకా స్టేషన్లో వాళ్ళకి ఒక్క ముక్క చెప్పొద్దు. నది ఒడ్డు స్టేషన్లో ఏమైందో చూశావుగా, సంగతి తెలిసి ఆ మనిషి కేబుల్ నరికి పారేశాడు. ఇక్కడున్నది మీ బావ అని తెలుసు కాబట్టే ప్రత్యేకించి చెబుతున్నాను. అంతా అయ్యాక ఆఫీసే చెబుతుంది, మనుషులు అక్కర్లేదని.”

“సరే సార్,” అన్నాడు మెకానిక్. ఆ రెండు మాటలూ అతని నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఎవరైనా అడగడమే ఆలస్యం.

అక్క గుమ్మంలోంచే, “చిక్కిపోయావేంట్రా?” అంది. చూసిన ప్రతిసారీ ఆమె అనే మాటే అది, అతను లావెక్కినా సరే. భోజనం వడ్డించి ఎదురుగా కూర్చుంది. డ్రైవరు రెండోసారి కూర అడిగి వేయించుకుంటున్నాడు. మెకానిక్ కంచంలో వేళ్ళు ఆడించాడు.

“కొత్త రేడియో వస్తే మీ బావకి పని తగ్గుతుందట్రా?”

“తగ్గుతుందక్కా.”

“చాలా తగ్గుతుందా?”

అతను మంచినీళ్ళ గ్లాసెత్తి గడగడా తాగాడు. “చాలా,” అన్నాడు.

అక్క అతని వంక ఒక్క క్షణం ఎక్కువగా చూసింది. ఇంకేదో అడగబోయి భర్త మొహం చూసి ఆగింది. బావ చెయ్యి కడుక్కోవడానికి లేచి, గోడ గడియారం చూసి, అటునుంచి అటే ట్యాంకు వైపు నడిచాడు.

*

మర్నాడు పొద్దున్నే మెకానిక్ నడుముకి బెల్టు బిగించుకుని స్తంభం ఎక్కాడు. పైన గాలి ఈడ్చి కొడుతోంది. పాత యాంటెన్నా పుల్లలు రెండు వంగిపోయి ఉన్నాయి. కేబుల్ కలిసే చోట చుట్టిన టేపు ఎండకి పెళుసెక్కి, గోటితో గీరితే పొలుసుల్లా రాలింది. లోపలి కనెక్టరు విప్పి బోర్లిస్తే నీటిబొట్టు ఒకటి అతని బొటనవేలి మీద పడింది. ఇన్నాళ్ళ నత్తికి సగం కారణం ఈ చుక్కే. మిగతా సగం ముసలితనం.

కింద బావ తాడు పట్టుకుని తల పైకెత్తి నిలబడ్డాడు. “ఏం దొరికిందోయ్? నిధా?”

“నీళ్ళు బావా.”

“ట్యాంకులో చాలక అక్కడ కూడా దాస్తున్నారా నీళ్ళు! నన్నడిగితే దాని మట్టం కూడా చెప్పేవాణ్ణిగా!”

డ్రైవరు పడీపడీ నవ్వాడు. మెకానిక్ కూడా నవ్వాడు గానీ గాలి ఆ నవ్వు పట్టుకుపోయింది. కొత్త యాంటెన్నాని బావ తాడుకి ముడేసి, గోడకి తగలకుండా రెండో తాడుతో పక్కకి లాగి పట్టుకుంటూ, పసిబిడ్డని అందించినట్టు పైకి పంపించాడు. మెకానిక్ దాన్ని అందుకుని బిగింపులో కూర్చోబెట్టాడు. నట్లు సగం బిగించి, మెడలో వేలాడే సిగ్నలు మీటరు చూసుకుంటూ యాంటెన్నాని పట్నం వైపు వెంట్రుక వాసి చొప్పున తిప్పాడు. అంకె పెరిగింది, ఇంకా పెరిగింది, తర్వాత తగ్గింది. వెనక్కి తిప్పి, పెరిగిన చోటే ఆపి, నట్లు పూర్తిగా బిగించాడు. కొత్త కనెక్టరు మీద రబ్బరు టేపు సాగదీసి, కింద నుంచి పైకి, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం పడేలా చుట్టాడు. ఈ పని చేస్తున్నంతసేపూ అతనికి ఏ ఆలోచనా రాదు. వేళ్ళు వాటంతటవే పోతుంటాయి. చుట్టడం అయిపోయింది. ఇక దిగాలి. దిగితే బావ ఉన్నాడు.

దిగకుండా కాసేపు పైనే వేలాడుతూ ఉండిపోయాడు.

పైనుంచి చూస్తే కంచె ఎంత చిన్నదో తెలుస్తోంది. ట్యాంకుకీ రేడియో గదికీ మధ్య గడ్డి చచ్చి, నేల గట్టిపడి, తెల్లటి బాట పడింది. గేటు వైపు మాత్రం అంత బాట లేదు.

“ఏవోయ్, అక్కడే కాపురం పెడతావా?” అని అరిచాడు బావ.

*

అసలు గండం మధ్యాహ్నం వాల్వు దగ్గర వచ్చింది.

కొత్త రేడియో అంటే ఎవరికీ అనుమానం రాదు. ట్యాంకులోకి దించే మట్టం సెన్సరుని కూడా, కొలబద్దకి చెల్లెలనో మరొకటనో చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆఖరి పెట్టెలోంచి బయటికొచ్చింది మోటారు. వాల్వు చక్రం తీసేసి దాని స్థానంలో కూర్చోబెట్టాలి. రేడియోలో మాట రాగానే అదే తిరుగుతుంది, అదే ఆగుతుంది. దానికి మనిషితో పని లేదు.

బావ మోటారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. “ఇదేంటి?”

“వాల్వు తిప్పడానికి బావా.”

“ఎవరు తిప్పడానికి?”

మెకానిక్ స్పానరు కోసం సంచిలో వెతికాడు. స్పానరు అతని చేతిలోనే ఉంది. “పట్నం నుంచే… అప్పుడప్పుడూ… అవసరమైతే…”

“ఓహో,” అన్నాడు బావ.

డ్రైవరు ఉన్నట్టుండి జీపులో ఆయిలు చూసొస్తానని మాయమయ్యాడు.

బావ చక్రం మీద చెయ్యి వేసి అటూ ఇటూ కాస్త తిప్పి చూశాడు. అతని అరచేతులు పడే చోట్ల రంగు పోయి ఇనుము మెరుస్తోంది. కుడి భుజం ఎత్తలేక, ఎడమ చేత్తో మొదలుపెట్టి ఒళ్ళంతా వాల్చి తిప్పడం అతనికి అలవాటైంది. మెకానిక్ అది ఇప్పుడే గమనించాడు. ఎన్నిసార్లు వచ్చినా రేడియో వంకే చూసేవాడు గానీ ఈ భుజం వంక చూడలేదు.

“దీని నట్టు తుప్పు పట్టింది, అంత తేలిగ్గా రాదు. ఉండు,” అని బావ లోపలికెళ్ళి నూనె డబ్బా తెచ్చాడు. నట్టు చుట్టూ పోసి, గుడ్డతో రుద్ది, మళ్ళీ పోశాడు. ఇద్దరూ కలిసి స్పానరు మీద బరువు వేస్తే అది కీచుమని కదిలింది. చక్రం ఊడొచ్చింది. బావ దాన్ని మోసుకెళ్ళి గోడకి చేరేసి, చేతులు దులుపుకున్నాడు.

“భలే బరువుందోయ్,” అన్నాడంతే. జోకేమీ వెయ్యలేదు.

మెకానిక్ మోటారుని వాల్వు మీద కూర్చోబెట్టాడు. ఇప్పుడు చెప్పేస్తే పోతుంది కదా అనుకున్నాడు. చెబితే మేనేజరుకి మాట తప్పినట్టు. చెప్పకపోతే అక్కని మోసం చేసినట్టు. పైగా చెప్పి ఏం చేస్తాడు? ఉద్యోగం పోతోందని చెప్పగలడు గానీ ఇంకో ఉద్యోగం చూపించగలడా? ఇలా నాలుగు వైపులా తలుపులు మూసుకుని, అతను మోటారు బోల్టులు ఒక్కొక్కటే బిగించాడు. అవసరమైన దానికన్నా గట్టిగా బిగించాడు.

సాయంత్రం టీ ఇస్తూ అక్క అంది, “రేపు పిల్ల బళ్ళో తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. ఈసారి మీ బావ వంతు.”

“వంతేంటక్కా?”

“ఒకసారి నేను, ఒకసారి ఆయన. ఇద్దరం ఒక్కసారే పోతే ఇక్కడ రీడింగు ఎవరు చెబుతారు? హాస్టల్లో తోటిపిల్లలు దాన్ని అడిగారట, మీ అమ్మా నాన్నా విడిపోయారా అని.” అక్క నవ్వుతూనే చెప్పింది. “వాళ్ళ తప్పేముంది, మేమిద్దరం పక్కపక్కన నిలబడగా వాళ్ళెప్పుడూ చూడలేదు మరి.”

మెకానిక్‌కి ఆ నవ్వు చూడబుద్ధి కాలేదు. “రేపు ఇద్దరూ వెళ్ళండి. జీపు తీసుకెళ్ళండి. రేపంతా పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి సరిచూడటమే పని. రీడింగులు నేను చెబుతాను.”

అక్క టీ గ్లాసు కింద పెట్టి భర్త వంక చూసింది. బావ కూడా ఆమె వంకే చూశాడు. వాళ్ళిద్దరి మధ్యా ఏదో మాట నడిచింది. అది మెకానిక్‌కి అందలేదు.

*

జీపు దుమ్ములో కలిసిపోయాక కొండ మీద గాలి చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు.

మొదటి కొన్ని గంటలు హాయిగానే గడిచాయి. ట్యాంకు దగ్గరికెళ్ళి కొలబద్ద చూడటం, గదిలోకొచ్చి కొత్త రేడియో లాప్‌టాప్‌లో చూపిస్తున్న అంకెతో పోల్చడం, పాత రేడియో హ్యాండ్‌సెట్‌లో నోటితో చెప్పడం. అవతల కంట్రోల్ రూము ఆపరేటరు గొంతు గరగరలాడుతూ, “సరిపోయిందన్నా,” అంటుంది. మూడూ ఒకటే. కొత్త పరికరం తొణకడం లేదు, బెణకడం లేదు.

మధ్యాహ్నానికి ఆ హాయి పోయింది. కాస్త నడుం వాలిస్తే కళ్ళు మూతలు పడుతున్నాయి, గంట దాటిపోతుందని భయం. కొండ వాలులో ఎక్కడో నీళ్ళ చప్పుడు వినబడితే చూసొద్దామని గేటు దాకా వెళ్ళాడు. వెళ్ళి తిరిగొచ్చేలోగా గంట కొడుతుంది. వెనక్కి తిరిగాడు. భోజనం చేస్తూ గడియారం, మొహం కడుక్కుంటూ గడియారం. ఇంటావిడకి ఫోను చేస్తే, “ఎప్పుడొస్తారు?” అన్న ప్రశ్న పూర్తి కాకుండానే, “ఉండు, రీడింగు టైమైంది,” అని పెట్టేశాడు. పెట్టేశాక ఫోను వంక చూస్తూ నిలబడ్డాడు. అక్క కూడా ఇన్నేళ్ళూ తన ఫోను ఇలాగే మధ్యలో పెట్టేసేది. రేడియో పక్కన సిగ్నలు బాగా లేదేమో అనుకునేవాడు.

కొలబద్ద దగ్గరికి తెల్లటి ఆ బాట మీద నడుస్తుంటే, తన అడుగులు బావ అడుగుల్లోనే పడుతున్నాయని తెలిసింది. పక్కన ఎంత చోటున్నా కాళ్ళు బాట తప్పడం లేదు.

టీ పెట్టుకుందామని ఇంట్లోకెళ్ళాడు. అగ్గిపెట్టె కోసం వంటింట్లో వెతికాడు, లేదు. ముందు గదిలో ఉంటుందేమోనని వెళ్ళి, అక్కడ మొదటిసారిగా నిదానంగా చుట్టూ చూశాడు.

గడియారానికి కొట్టిన మేకు తప్ప గోడకి మరో మేకు లేదు. పటం లేదు, అద్దం లేదు. అద్దం కిటికీ చువ్వకి దారంతో కట్టి ఉంది. బట్టలు అలమరలో లేవు, అలమరే లేదు. రెండు ట్రంకు పెట్టెలు, వాటి మీద మడిచిన దుప్పట్లు. గిన్నెలు అట్టపెట్టెల్లో ఉన్నాయి. వాడుకునేవి వాడుకుని, కడిగి, మళ్ళీ అందులోనే పెడుతున్నట్టుంది. పట్నంలో అక్క కాపురం అతను చూశాడు. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి చోటు లేకుండా గూళ్ళ నిండా బొమ్మలు, గాజు గిన్నెలు, గుమ్మానికి కుట్టుపని తెరలు. ఆ మనిషి ఇల్లేనా ఇది?

ఇది బస్సు కోసం కూర్చున్నవాళ్ళ సామానులా ఉంది.

గంట కొట్టింది. అగ్గిపెట్టె వెతకడం మాని అతను ట్యాంకు వైపు పరిగెత్తాడు.

*

పొద్దువాలే వేళకి జీపు తిరిగొచ్చింది. ముందు అక్క దిగింది. జుట్టు గాలికి చెదిరిపోయింది, మొహం వెలిగిపోతోంది. ఆమె మొహం ఇలా కూడా ఉంటుందని అతను మర్చిపోయాడు. బావ దిగి, ఎందుకో గేటు దగ్గరే తచ్చాడుతున్నాడు. డ్రైవరు ఎవరి వంకా చూడకుండా బానెట్ ఎత్తి అందులో తల పెట్టేశాడు.

“కూర్చోరా, నీతో మాట్లాడాలి,” అంది అక్క.

“నేనూ మాట్లాడాలక్కా. ముందు నన్ను చెప్పనీ.” ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని తెలిసి, అతను ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. “రేపు కొత్త రేడియోకి మార్చాక ఈ స్టేషన్లో మనిషి ఉండడు. బావ ఉద్యోగం తీసేస్తారు. అన్ని స్టేషన్లలోనూ అంతే. నాకు వచ్చేముందే తెలుసు.”

అక్క మొహంలో వెలుగు తగ్గలేదు, బిగుసుకుంది. “వచ్చేముందే తెలుసా?”

“చెప్పొద్దన్నారక్కా.”

“చెప్పొద్దంటే?” ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండుననిపించింది అతనికి. “మొన్నట్నుంచీ నా చేతి అన్నం తింటున్నావు. పని తగ్గుతుందా అని అడిగితే చాలా తగ్గుతుందన్నావు. ఆయన చేతే ఆ చక్రం ఊడదీయించావు. నోరెలా వచ్చిందిరా నీకు?”

“నోరు రాకే అక్కా…”

“ఊరుకోవే,” అంటూ బావ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “మోటారు చూడగానే నాకర్థమైంది గానీ, బావమరిదీ, మేమూ నీకో సంగతి చెప్పాలి. ఇవాళ పిల్లకి మాటిచ్చి వచ్చాం. పరీక్షలయ్యేలోగా దాని బడి దగ్గర గది తీసుకుని ముగ్గురం కలిసి ఉంటామని. అక్కడ ఒకాయన పాత పంపులు బాగుచేసే కొట్టు నడుపుతున్నాడు, రమ్మంటున్నాడు. ఇవాళ కాదు, రెండేళ్ళనుంచీ రమ్మంటున్నాడు.”

“రెండేళ్ళనుంచా! మరి వెళ్ళలేదేం?”

భార్యాభర్తలిద్దరూ జవాబు నువ్వు చెప్పంటే నువ్వు చెప్పన్నట్టు ఒకళ్ళ వంక ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి అక్కే చెప్పింది.

“నీ మొహం చూసి.”

“నా మొహమా?”

“నువ్వు ఆ మేనేజరు గుమ్మం చుట్టూ తిరిగి తిరిగి ఈ ఉద్యోగం తెచ్చావు. మీ బావని చూసినప్పుడల్లా, ‘నిశ్చింతగా ఉన్నారుగా బావా,’ అని మురిసిపోతావు. మానేస్తానంటే నువ్వేమనుకుంటావో, ఆ మేనేజరు దగ్గర నీ పరువేమవుతుందో అని ఆయన భయం. నీకు నేను ఫోను చేసి చెబుదామనుకున్నప్పుడల్లా ఆయన ఆపాడు. ఆయన వద్దన్నప్పుడల్లా నాకూ ధైర్యం చాలేది కాదు. ఇవాళ జీపులో దారంతా అదే గొడవ, నీకు ఎలా చెప్పాలని. ఆ డ్రైవర్నడుగు!”

బానెట్ కిందనుంచి తల బయటికి రాలేదు. “నిజమేనన్నా,” అని మాట మాత్రం వచ్చింది.

మెకానిక్‌కి ముందు ఒళ్ళు మండింది. ఎన్నేళ్ళుగానో లోపల దాచుకుని చూసుకుంటున్న మంచిపని ఒకటి ఉంది అతనికి. అది చేతిలోకి తీసుకుని చూస్తే ఇలా ఉంది. “నాతో ఒక్కమాట చెప్పడానికేమైంది? ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని…”

“నువ్వు చెప్పావా?” అంది అక్క.

అతను అరుగు చివర కూర్చున్నాడు.

బావ లేచాడు. “నాకు సంతోషంగానే ఉండాలి. ఎలాగూ పోదామనుకున్నవాళ్ళమే,” అన్నాడు నెమ్మదిగా. “కానీ మనం పోతామనడం వేరు, వాళ్ళు పొమ్మనడం వేరు. ఒక్కమాట చెప్పి ఉంటే… సరే, రీడింగు టైమైంది.” అని ట్యాంకు వైపు నడిచాడు. వెళ్ళక్కర్లేదని, తెరమీద కనిపిస్తోందని మెకానిక్ అనలేకపోయాడు.

*

మర్నాడు పొద్దున పాత రేడియోని ఆపేయమని కంట్రోల్ రూము నుంచి మాట వచ్చింది. మెకానిక్ స్విచ్చి మీద వేలు పెట్టి, ఆగి, బావని పిలిచాడు.

బావ మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని మరీ వచ్చాడు. గోడ గడియారం చూశాడు. గంటకి ఇంకా కొద్దిగా ఉంది. అయినా వెళ్ళి కొలబద్ద చూసొచ్చి హ్యాండ్‌సెట్ తీశాడు. గొంతు సవరించుకున్నాడు.

“కంట్రోల్, కొండ స్టేషన్ మాట్లాడుతున్నా. మట్టం చెబుతున్నా, రాసుకోండి…”

“అవసరం లేదన్నా,” అంది గరగరమనే ఆపరేటరు గొంతు. మంచి మనిషే, మర్యాదగానే అంది. “తెరమీద వచ్చేసింది. మీరింక ఆపెయ్యొచ్చు.”

బావ హ్యాండ్‌సెట్ చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు. అవతల ఇంకేమైనా అంటారేమోనని కాసేపు చూశాడు. గరగర తప్ప ఏమీ లేదు. హ్యాండ్‌సెట్ కొక్కేనికి తగిలించబోతే చెయ్యి జారి అది తీగకి వేలాడింది. మెకానిక్ స్విచ్చి ఆపాడు. ఆ గరగర కూడా పోయింది. అదే సమయానికి బయట వాల్వు మోటారు గుర్రుమని ఎవరూ తాకకుండానే తిరగడం మొదలుపెట్టింది.

“బాగా తిరుగుతోంది,” అన్నాడు బావ. బయటికెళ్ళిపోయాడు.

మేనేజరు ఫోను వెంటనే వచ్చింది. “శభాష్! అంకెలు అద్దంలో చూసినట్టు వస్తున్నాయి. మీ బావకి సంగతి చెప్పు. క్వార్టరు ఖాళీ చెయ్యడానికి తొందరేం లేదు, ఈ వారంలో చేస్తే చాలు. ఇంకో మాట. అవతలి స్టేషన్లన్నీ ఇక నీ కొండ రేడియో మీదుగానే పట్నంతో మాట్లాడాలి. అవన్నీ మారేదాకా అక్కడ రేడియో పని తెలిసిన మనిషొకడు ఉండాలి. వచ్చే వేసవి దాకా అనుకో. జీపు పంపించేసి నువ్వుండిపో.”

మెకానిక్ గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎదురుగా అరుగు మీద అక్క దుప్పట్లు మడుస్తోంది. కాదని చెప్పాలి. ఇంటావిడ ఎదురుచూస్తోందని చెప్పాలి. ఈ పని అయ్యాక వర్క్‌షాపులో కూర్చోబెడతానని మీరే అన్నారు కదా అని గుర్తు చెయ్యాలి. ఆ మాటలన్నీ వరసగా నిలబడ్డాయి గానీ ముందుకి రాలేదు.

“ఏంటి, ఆలోచిస్తున్నావా?” అన్నాడు మేనేజరు. “ఆనాడు మీ బావ విషయంలో నువ్వడగ్గానే నేను ఆలోచించానా?”

“సరే సార్,” అన్నాడు మెకానిక్.

సామాను సర్దడానికి పెద్దగా పట్టలేదు. ఎప్పుడూ సర్దే ఉంది కదా. డ్రైవరు ట్రంకులు జీపులో పెట్టాడు, అట్టపెట్టెలు వాటి మీద పెట్టాడు. అక్క కిటికీ దగ్గర దారం విప్పి అద్దం తీసుకుంది. పొయ్యి, ఒక గిన్నె, కంచం, చాప, పప్పూ ఉప్పూ తమ్ముడికి వదిలింది. ఏ డబ్బాలో ఏముందో చూపించింది. నిన్నటి కోపం ఇంకా ఆమె కనుబొమల మధ్యే ఉంది, అయినా ఉప్పు డబ్బా మూత సరిగా పట్టదని రెండుసార్లు చెప్పింది.

బావ గేటు దగ్గర తాళంచెవులు అతని చేతిలో పెట్టాడు. ఎందుకు ఉండిపోతున్నాడో అప్పటికే డ్రైవరు చెప్పేశాడు.

“కాదనలేకపోయావా?”

మెకానిక్ తల అడ్డంగా ఊపాడు.

బావ అతని భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచాడు. వెటకారం చెయ్యలేదు. “నేనూ అంతేగా,” అన్నాడు మెల్లిగా, జీపెక్కాడు.

అక్క ముందు సీట్లో కూర్చుని, అద్దం ఒళ్ళో పెట్టుకుని, ఇంకా ఏదో గుర్తుకు తెచ్చుకుంటోంది. డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేశాడు. అప్పుడు ఆమె తల బయటికి పెట్టింది.

“ఆదివారం బడి దగ్గర కొత్త గదిలో మొదటిసారి పొయ్యి వెలిగిస్తాం. భోజనానికొస్తావా?”

“వస్తాన…” అని అతని నోరు అలవాటుగా మొదలుపెట్టింది. అక్క కళ్ళు చూసి ఆగాడు. ఇంజన్ చప్పుడులో ఆమె కదలకుండా చూస్తోంది. వస్తానంటే ఆమె వండుతుంది. కూర చల్లారిపోయేదాకా గుమ్మంలో నిలబడుతుంది. పిల్ల, మావయ్య ఏడమ్మా, అంటుంది.

“రాలేనక్కా,” అన్నాడు.

చెప్పాక భయపడ్డాడు. అక్క కనుబొమల మధ్య ముడి విడింది. జీపులోంచి చెయ్యి చాచి, అతని చెంప మీద మెత్తగా ఒక్కటి వేసింది.

“హమ్మయ్య,” అంది. “అయితే ఒక గుప్పెడు బియ్యం తక్కువ పోస్తాను.”

జీపు కదిలింది. మొదటి మలుపు దాకా బావ వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. మెకానిక్ ఇవతల నిలబడి గేటు మూశాడు. వెనకాల మోటారు మళ్ళీ గుర్రుమంది. అతను అటు తిరగలేదు. జేబులోంచి ఫోను తీశాడు. ఇంటావిడకి చెయ్యాలి, ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ తర్వాత మేనేజరుకి మళ్ళీ చెయ్యాలి. ముందు ఎవరికి చెయ్యాలో తేలక, ఫోను పట్టుకుని, దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడ్డాడు.